ముప్పయ్యా, నలభై ఆరా?

కందిరీగకి కుడివైపు దవడ వాచి మూడు రోజులైంది. ఈ కేసు చేతికొచ్చి కూడా మూడు రోజులే. రెండిట్లో ఏది ముందు తేలుతుందో చూద్దామని మొండికేసి, నొప్పి బిళ్ల కూడా మింగకుండా తిరుగుతోంది. పోలీసు శాఖలో పద్దెనిమిదేళ్లు చేసి, పైవాళ్లు రాయమన్న అబద్ధం రాయనని కాగితం బల్ల మీద పారేసి వచ్చేసిన మనిషి ఆవిడ. కందిరీగ అన్నది అక్కడివాళ్లు తిట్టుగా పెట్టిన పేరు. బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక, ఆ పేరే తలుపు మీద దర్జాగా రాయించుకుంది.

ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నాలుగింటికి యూనివర్సిటీ పాలకమండలి కూర్చుంటుంది. కూర్చున్న అరగంటలో ప్రొఫెసరమ్మ ఉద్యోగం ఊడుతుంది, ఆ వెనకే దొంగతనం కేసు పడుతుంది. మిగిలింది రెండున్నర గంటలు. కందిరీగ ఎదురుగా ఉన్నది ప్రొఫెసరమ్మ సొంత తమ్ముడు.

ఆయన పళ్ల డాక్టరు. క్లినిక్ యూనివర్సిటీ భవనానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల పక్క ఉంది. తొమ్మిదేళ్ల కిందట అక్కాతమ్ముళ్లు కలిసి ఒక కంపెనీ పెట్టారు. అక్క ఒక జ్ఞానదంతంలోంచి తీసిన కణాలు, పంటి చుట్టూ అరిగిపోయిన ఎముకని మళ్లీ పెంచుతాయని కనిపెట్టింది. ఆ వైద్యాన్ని మనుషుల నోళ్లదాకా చేర్చడం కంపెనీ పని. పరిశోధన అక్కది, కంపెనీ నడపడం తమ్ముడిది.

"గురువారం మీ అక్కగారు ఇక్కడికి ఎన్నింటికి వచ్చారు?"

"ఒంటిగంటకి. పన్ను సలుపుతోందంటే చూశాను. ఒకటీ పావుకల్లా వెళ్లిపోయింది."

"ఆవిడ అలా అనలేదండీ. ఒకటీ ఇరవైకి మీరు మత్తు ఇంజెక్షన్ ఇచ్చారట. మత్తెక్కేదాకా కళ్లు మూసుకుని పడుకోమన్నారట. రెండు దాకా ఈ కుర్చీలోనే ఉన్నారట."

డాక్టరు జాలిగా నవ్వాడు. "అక్క పాపం, కంగారులో ఉంది. నేనైనా ఏం చెప్పను? విచారణకి వచ్చిన సీలు దొరగారికి కూడా ఇదే చెప్పాను. సొంత అక్క కదా అని అబద్ధం చెప్పలేను కదండీ."

కందిరీగ ఆ కుర్చీలో కూర్చుని వెనక్కి వాలింది. ఎదురుగా గోడ మీద పళ్లెమంత గడియారం. కళ్లు మూసుకునేలోపు కనిపించేది అదొక్కటే. ఒకటీ ఇరవై అని ప్రొఫెసరమ్మ అంత గట్టిగా ఎలా చెప్పిందో ఇప్పుడు అర్థమైంది.

"మీ దగ్గర పనిచేసే నర్సు?"

"ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనానికి పంపిస్తాను. రోజూ అంతే."

"అంటే సాక్షి లేడు."

"ఆవిడకీ లేడు కదా." డాక్టరు చేతికి తొడుగు వేసుకున్నాడు. "మీ దవడ చూస్తుంటే నాకే నొప్పిగా ఉంది. ఏదీ, నోరు తెరవండి."

వద్దనేలోపే చిన్న అద్దం నోట్లో పెట్టేశాడు. లోపలెక్కడో టక్కున తట్టాడు. కందిరీగ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముప్పై. ముప్పై పాడైపోయింది. రూట్ కెనాల్ చేయాలి. ఈ గొడవ తేలాక రండి, నేనే చేస్తాను."

"గొడవ తేలాక మీరు ఖాళీగా ఉంటే తప్పకుండా వస్తాను," అని చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది. డాక్టరు మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. అది ఆవిడకి నచ్చలేదు. సొంత అక్క పరువు పోతుంటే ఏ తమ్ముడైనా కనీసం ఒకసారి విసుక్కుంటాడు.

రోడ్డు దాటి, మెట్లెక్కి, రెండో అంతస్తులో ల్యాబ్ తలుపు దాకా నడుస్తూ గడియారం చూసుకుంది. నాలుగు నిమిషాలు. తలుపు యంత్రం చెప్పే లెక్క ప్రకారం, గురువారం ఒకటీ నలభైకి ప్రొఫెసరమ్మ కార్డుతో తలుపు తెరుచుకుంది. ఒకటీ నలభై ఏడుకి మూసుకుంది. మర్నాడు జ్ఞానదంతం కణాల గొట్టాలని బయటి సంస్థకి పరీక్షకి పంపాలి. కంపెనీ ఇచ్చిన జాబితా పట్టుకుని యూనివర్సిటీవాళ్లు వెళ్లి చూస్తే గొట్టాలు లేవు. ప్రొఫెసరమ్మ తన కళ్లతో చూసేలోపే గదికి సీలు పడింది.

ల్యాబ్ తలుపుకి ఎర్ర లక్కతో ఇంత లావు సీలు. దాని ముందు స్టూలు వేసుకుని ప్రొఫెసరమ్మ కూర్చుంది. అరవై ఏళ్ల మనిషి. పక్కన మోకాలెత్తు అల్యూమినియం క్యాను, ఒళ్లో మందపాటి చేతి తొడుగులు. సోమవారం పొద్దున్న వచ్చి కూర్చుంది, పగలంతా అక్కడే. ఇవాళ బుధవారం. వచ్చేపోయే విద్యార్థులు తలొంచుకుని గోడవారగా తప్పుకుంటున్నారు.

"లాయరుని పెట్టుకోమన్నాను. పెట్టుకున్నారా?" కందిరీగ అడిగింది.

"తప్పు చేయనిదాన్ని, నాకు లాయరెందుకు? నేను పెట్టుకోను." ప్రొఫెసరమ్మ గొంతు తగ్గలేదు. "నా ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ట్యాంకు నింపనివ్వమను. చలికి గడ్డకట్టి ఉంటేనే కణాలు బతుకుతాయి, ప్రతి సోమవారం ద్రవ నైట్రోజన్ పోయాలి. శుక్రవారం సీలేశారు. లోపల ఉన్నది రోజూ ఆవిరైపోతూనే ఉంటుంది. ఈ సాయంత్రానికి ట్యాంకు ఎండిపోతుంది. ఆ గొట్టాలు ఎలాగూ పోయాయి. మిగతావి రెండొందలున్నాయి, అవీ చస్తాయి."

"పాలకమండలికి రాశారా?"

"నాలుగుసార్లు. సీలు తీస్తే సాక్ష్యం చెడుతుందట." ఆవిడ పెదవి విరిచింది. "మొదటి యూనివర్సిటీలో మా పెద్దాయన దొంగ లెక్కలు రాస్తుంటే తప్పన్నాను, బదిలీ చేశారు. రెండోచోట ఖాళీ గది చేతికిస్తే దాన్ని ల్యాబ్ చేశాను, పూర్తయ్యాక ఇంకొకడి పేరు తగిలించారు. మూడోది ఇది. ముప్పై నాలుగేళ్లు. ఎక్కడా ఎవడి ముందూ వంగలేదమ్మా, ఈ లక్క ముద్ద ముందు వంగుతానా?"

ఆ మాటకి కందిరీగ కడుపు నిండింది. తన కాగితం బల్ల మీద పారేసిన రోజు గుర్తొచ్చింది. నవ్వబోతే దవడ కలుక్కుమంది.

ప్రొఫెసరమ్మ చటుక్కున లేచి కందిరీగ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "నోరు తెరువు. ఊఁ. నలభై ఆరు. దీన్నిలా వదిలేస్తే చీము మెడకి దిగుతుంది, మనిషివా రాయివా?"

కందిరీగ ఏదో అనబోయి ఆగింది. చెవిలో ఏదో గుచ్చుకున్నట్టయింది కానీ, అదేమిటో పట్టుకునేలోపు మెట్ల మీంచి బూట్ల చప్పుడు వినిపించింది.

సీలు దొర వచ్చాడు. ఒకప్పుడు కందిరీగతో కలిసి ఒకే శాఖలో చేరినవాడు. ఇప్పుడు యూనివర్సిటీ తరఫున విచారణాధికారి. దేనికైనా ముందు సీలేసి తర్వాత ఆలోచించడం ఆయన పద్ధతి, ఆ పేరు అందుకే వచ్చింది. చంకలో లావుపాటి ఫైలు ఉంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? రిపోర్టు టైపైపోయింది," అన్నాడు. "పరీక్ష చేయించాలని గోల చేసిందీ ఈవిడే, తీరా ముందురోజు గొట్టాలు మాయం చేసిందీ ఈవిడే. లెక్కలు తప్పని తేలుతుందని భయం. ఆ ట్యాంకు మూత ఇంకెవరూ తీయరు. కార్డు ఈవిడది. ఇంకేం కావాలి నీకు?"

"కార్డుకి కాళ్లుంటాయా? ఆవిడ క్లినిక్ కుర్చీలో పడుకుంటే కార్డున్న హ్యాండ్‌బ్యాగు ముందుగదిలో ఉంది."

"తమ్ముడే చెప్పాడు, ఒకటీ పావుకి వెళ్లిపోయిందని."

"మా వాడు పొరపాటు పడి ఉంటాడు," ప్రొఫెసరమ్మ వెంటనే అందుకుంది. "రోజుకి ముప్పై నోళ్లు చూస్తాడు. వాడికేం గుర్తుంటుంది?"

సీలు దొర కందిరీగ వైపు చూసి కళ్లెగరేశాడు. ఆవిడకి ఒళ్లు మండింది. కానీ గొంతు పెంచలేదు.

"సరే. ఆవిడే దొంగ అనుకుందాం. సాయంత్రం ట్యాంకు ఎండిపోతే లోపల రెండొందల గొట్టాలు చస్తాయి. దొంగ తీసింది అయిదు. నీ సీలు చంపేది రెండొందలు. రేపు కోర్టులో ఎవరు చంపారని అడిగితే నీ పేరే చెప్తాను. సీలు తీయనన్నానని ఇప్పుడే ఒక కాగితం మీద రాసివ్వు. సంతకం, టైము వేసి."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"అవును."

సీలు దొర లక్క ముద్ద వంక చూశాడు. కాగితం మీద సంతకం అంటే ఆయనకి మొదట్నుంచీ గుబులే. చివరికి జేబులోంచి చాకు తీసి లక్క గీకాడు. "ఈవిడ మాత్రం గడప దాటకూడదు. ముట్టుకునేది నువ్వు, చూసేది నేను."

"దాటను. ఇక్కడ్నించే చెప్తాను." ప్రొఫెసరమ్మ స్టూలు గడప దాకా లాక్కుని చేతి తొడుగులు కందిరీగకి విసిరింది.

చిన్న గది. కిటికీ లేదు. మూలన నడుమెత్తు ట్యాంకు, పైన దళసరి మూత. గోడకి మేకు, మేకుకి అంగుళాల గీతలున్న పొడుగాటి చెక్క బద్ద. కందిరీగ మూత ఎత్తింది. తెల్లటి పొగ అంచు మీంచి జారి నేల మీద పాకింది.

"బద్ద అడుగుదాకా దించు. పది లెక్కపెట్టు. తీసి గాల్లో ఊపు. ఎక్కడిదాకా మంచు పడితే అక్కడిదాకా నైట్రోజన్ ఉన్నట్టు."

బద్ద తీసి ఊపింది. అడుగున తెల్లగా మంచు పట్టింది. నాలుగు వేళ్ల మందం, అంతే. ప్రొఫెసరమ్మ స్టూలు మీంచి లేచింది.

"మూర ఉండాలమ్మా. మూర. ముందు పోసెయ్, తర్వాత మాట్లాడుకోండి."

కందిరీగ క్యాను ఎత్తి మెల్లిగా వంచింది. ట్యాంకు లోపల సలసలమని శబ్దం. సీలు దొర పొగకి వెనక్కి రెండడుగులు వేశాడు. క్యాను సగమయ్యేసరికి బద్ద మీద మంచు జానెడెక్కింది. గడప దగ్గర ప్రొఫెసరమ్మ తన పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంది. అరెస్టు చేస్తామన్నప్పుడు కూడా ఆ మనిషి ఏడవలేదు.

"అయిందిగా," సీలు దొర గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు నేరం జరిగిన చోటు కూడా చూసి తృప్తి పడు. ఆ డబ్బీల వరుస పైకి లాగు."

లాగింది. మంచు పట్టిన చిన్న డబ్బీలు, ఒక్కోదాని మీదా నల్ల సిరాతో నంబరు. సీలు దొర ఫైల్లోంచి కాగితం తీసి చదివాడు. "కంపెనీవాళ్లు ఇచ్చిన జాబితా. కింద ఎడమవైపు జ్ఞానదంతం, డబ్బీ నంబరు పదిహేడు. తెరిచి చూడు."

కందిరీగ పదిహేడో డబ్బీ మూత తీసింది. అయిదు గుంటలు. అయిదూ ఖాళీ.

"చూశావుగా," అన్నాడు సీలు దొర.

"పదిహేడా?" గడప దగ్గర్నుంచి ప్రొఫెసరమ్మ అడిగింది. అర్థం కానట్టు మొహం పెట్టింది. "పదిహేడుతో నాకేం పని? అవి కొత్తగా చేరిన పిల్లలకి చేతులు తిరగడానికి పెట్టిన గొట్టాలు. పైన కుడివైపు దవడ పన్నువి. పనికిరానివి."

ఇందాక చెవిలో గుచ్చుకున్నదేమిటో కందిరీగకి అప్పుడు దొరికింది. తొడుగు తీసి తన దవడ మీద చెయ్యి పెట్టుకుంది.

"మేడం, నా పన్ను నంబరెంత?"

"చెప్పానుగా. నలభై ఆరు."

"మీ తమ్ముడు గంట కిందట దీన్నే తట్టి ముప్పై అన్నారు."

"వాడలాగే అంటాడు. వాడు చదివిన కాలేజీలో పళ్లని ఒకటి నుంచి ముప్పై రెండు దాకా వరసగా లెక్కపెడతారు. పైన కుడివైపు చివర మొదలెట్టి, చుట్టూ తిరిగి కింద కుడివైపు చివర ఆపుతారు. మేం అలా కాదు. నోటిని నాలుగు భాగాలు చేస్తాం. మొదటి అంకె ఏ భాగమో, రెండోది మధ్యనుంచి ఎన్నో పన్నో. కింద కుడివైపు నాలుగో భాగం, ఆరో పన్ను. నలభై ఆరు."

"కింద ఎడమవైపు జ్ఞానదంతం?"

"మూడో భాగం, ఎనిమిదో పన్ను. ముప్పై ఎనిమిది."

"మీ తమ్ముడి లెక్కలో?"

ప్రొఫెసరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టలేదు. అవసరం లేదు. పెదాలు మాత్రం కదిలాయి. "పదిహేడు," అని ఆగిపోయింది.

కందిరీగ అప్పటికే తొడుగు వేసుకుని వరుస వెతుకుతోంది. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. మూత తీసి డబ్బీని సీలు దొర ముక్కు కిందకి తెచ్చింది. బొటనవేలంత గొట్టాలు అయిదు, మంచు పట్టి బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"పోయాయన్నావే. లెక్కపెట్టు," అంది. "ముప్పై నాలుగేళ్లు ముప్పై ఎనిమిది అని రాసిన చెయ్యి, కంగారులో కూడా పదిహేడు వైపు పోదు. తీసినవాడు పళ్లని వరసగా లెక్కపెట్టేవాడు. జాబితా ఇచ్చినవాడూ వరసగా లెక్కపెట్టేవాడే. పాపం, పప్పులో కాలేశాడు. ఇంత చేసి పిల్లల గొట్టాలు పట్టుకుపోయాడు."

సీలు దొర డబ్బీ వంక, కాగితం వంక మార్చి మార్చి చూశాడు. చంకలో ఫైలు జారితే పట్టుకోలేదు.

"ఆ జాబితా కంపెనీలో ఎవరు రాశారు?" కందిరీగ అడిగింది.

"డాక్టరుగారే. స్వయంగా." ఆయన గొంతు సన్నబడింది. "ఎందుకు? ఆయనకి అవసరం ఏముంది? కంపెనీ ఆయనదే కదా."

"ఆవిడ రెండేళ్లు పరీక్ష చేయనిదే ఎవరి నోట్లోనూ పెట్టనన్నారు. గొట్టాలు శుక్రవారం పరీక్షకి వెళ్లిపోతే రెండేళ్లు ఆయన చేతులు కట్టేసినట్టే. అందుకే ముందురోజే తీసి ఇంకెక్కడో పెంచడానికి ఇచ్చుంటాడు. ఆవిడ దొంగ అని తేలితే ఇక ఆగమనేవాళ్లు ఉండరు."

"నోర్ముయ్," ప్రొఫెసరమ్మ లేచి నిలబడింది. "ఇంకొక్క మాటన్నావంటే ఊరుకోను. మా అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్లు. నా పరీక్షలు మానుకుని వాడికి అన్నం కలిపి పెట్టాను. వాడి మొదటి పాలపన్ను ఊడిపడింది నా చేతిలోనే. అది చూసే నేను ఈ చదువులోకి వచ్చాను. లెక్క తప్పు రాయొచ్చు, టైము తప్పు చెప్పొచ్చు. దొంగతనం చేయడు. నా మీద పెట్టడు."

కందిరీగ ముప్పై ఎనిమిదో డబ్బీ మూత గట్టిగా నొక్కింది. సరిగ్గా అప్పుడే ప్రొఫెసరమ్మ ఫోను మోగింది. ఆవిడ తెర చూసి, వీళ్లిద్దరి వైపూ పంతంగా చూసి, స్పీకరు నొక్కింది. వినండి, మీరే వినండి అన్నట్టు.

"అక్కా, తిన్నావా?"

"లేదురా. ఏంటి చెప్పు."

"ఏం లేదు. నీ లాయరు ఫోన్ చేశాడు. మీటింగుకి కాగితం రాస్తున్నాడట. ఆ జ్ఞానదంతం డబ్బీకి నీ పద్ధతిలో ఏ నంబరు వేస్తావు? నీ లెక్క నాకెప్పుడూ తలకెక్కదు కదా."

ప్రొఫెసరమ్మకి లాయరు లేడు. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. తీసుకెళ్లినవి పనికిరానివని వాడికి ఇవాళే తెలిసినట్టుంది. ప్రొఫెసరమ్మ ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. కందిరీగ ఆవిడ మొహంలోకే చూస్తోంది. తిడుతుందా, ఏడుస్తుందా, అడిగేస్తుందా? ఏది చేసినా వాడు ఆ అయిదు గొట్టాలూ ఎక్కడిచ్చాడో ఎప్పటికీ తెలియదు.

"ఇరవై ఎనిమిది రా," అంది ప్రొఫెసరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. తమ్ముడికి లెక్క చెప్పే అక్క గొంతు.

"ఇరవై ఎనిమిదా. సరే. ఆ గదికి సీలు ఇంకా అలాగే ఉందా?"

"ఉంది. ఎవరు తీస్తారు? నాలుగింటికి అందరూ మీటింగులో ఉంటారు. అయిదు దాకా ఈ అంతస్తులో పురుగు కూడా ఉండదు."

"నువ్వు దిగులు పడకు అక్కా. ధైర్యంగా ఉండు. నేనున్నాను కదా."

"ఉన్నావు లేరా," అని ఫోను పెట్టేసింది.

సీలు దొర వంగి ఫైలు తీసుకున్నాడు. దాంట్లోంచి టైపు చేసిన రిపోర్టు లాగి, నిలువునా నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

"మళ్లీ సీలు వేయి బాబూ," ప్రొఫెసరమ్మ ఆయనతో అంది. "బయట్నుంచి ఎవరిచేతనైనా వేయించు. నువ్వు లోపల కూర్చో. ఇరవై ఎనిమిదో డబ్బీ దగ్గరే కూర్చో. వాడు చెయ్యి పెట్టేదాకా కదలకు. మంచు ముట్టుకుంటే వేళ్లు కాలుతాయి, తొడుగులు ఇక్కడ పెడుతున్నాను. వాడికి కూడా ఒక జత."

కందిరీగ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "మీరు మీటింగుకి వెళ్లక్కర్లేదు మేడం. నేను చెప్తాను."

"ఎందుకు వెళ్లను? ముప్పై నాలుగేళ్లు నిలబడినదాన్ని, ఇవాళ దాక్కుంటానా?" ప్రొఫెసరమ్మ నుదుటి మీద చెమట తుడుచుకుని, ముప్పై ఎనిమిదో డబ్బీ ట్యాంకులోకి దిగేదాకా గడపలోనే నిలబడి చూసింది. తర్వాత తన కింది పెదవిని వేలితో నొక్కి చూసుకుంది.

"గురువారం వాడిచ్చిన మత్తు ఇంకా వదల్లేదేమో అనుకున్నాను ఇన్ని రోజులూ," అంది. "ఇప్పుడు వదిలింది. పదమ్మా, టైమవుతోంది."